బినోదిని: మట్టి మోసి కట్టిన వేదిక
రంగస్థల స్త్రీలు – మూడో భాగం

1873 ఆగస్టు 16న కలకత్తా బెంగాల్ థియేటర్‌లో నలుగురు స్త్రీలు వేదిక ఎక్కిన రాత్రి దగ్గర గత భాగం ఆపాం. ఆ రోజు ఆడింది మైకేల్ మధుసూదన దత్తు 'శర్మిష్ఠ'. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టినవాడూ మధుసూదనుడే. ఆ ముచ్చట కళ్ళారా చూడకుండానే జూన్ నెలాఖరున కన్నుమూశాడు. వేశ్యల ఇళ్ళ నుంచి నటీమణులను తెస్తే తానుండనని ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఆ థియేటర్ సలహా సంఘం నుంచి తప్పుకున్నాడు. వితంతువుల పెళ్ళిళ్ళ కోసం లోకమంతటినీ ఎదిరించిన మనిషి ఈ స్త్రీల గడప దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ కాలపు సంస్కరణకు ఎక్కడ గీత గీసి ఉందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే సంఘటన లేదు. ఈ భాగంలో చెప్పబోయే బినోదిని దాసి జీవితమంతా ఆ గీతకు అవతలి పక్కనే గడిచింది.

బినోదిని 1863 ప్రాంతంలో కలకత్తా కార్న్‌వాలిస్ వీధిలో పుట్టింది. అమ్మమ్మకు అక్కడ కొద్దిపాటి పెంకుటిళ్ళు, పూరిళ్ళు ఉండేవి. వాటిని అద్దెకిచ్చి, ఆ వచ్చే డబ్బుతో అమ్మమ్మ, తల్లి, బినోదిని, తమ్ముడు బతికేవారు. తండ్రి ప్రసక్తి లేదు. ఇల్లు గడవక ఐదేళ్ళ తమ్ముడికి రెండున్నరేళ్ళ పిల్లనిచ్చి పెళ్ళి చేశారు. ఆ చిన్నారి పెళ్ళికూతురి ఒంటిమీది నగలు అమ్ముకుని కొన్నాళ్ళు తిన్నామని బినోదిని తర్వాత ఏమీ దాచకుండా రాసింది. ఆ తమ్ముడు చిన్నతనంలోనే జబ్బుచేసి పోయాడు. బినోదినికీ ఒక పిల్లవాడితో పెళ్ళి చేశారు. అతని బంధువు ఒకామె వచ్చి ఆ పిల్లవాణ్ణి తీసుకుపోయింది, మళ్ళీ పంపలేదు. ఆ పెళ్ళి అంతటితో సరి.

వాళ్ళ ఇంట్లో అద్దెకు దిగిన గాయని పేరు గంగాబాయి. తొమ్మిదేళ్ళ బినోదినికి పాట నేర్పింది ఆమే. గంగాబాయి పాట వినడానికి పూర్ణచంద్ర ముఖోపాధ్యాయ, బ్రజనాథ్ సేఠ్ అనే ఇద్దరు పెద్దమనుషులు వస్తుండేవారు. పక్కన కూర్చుని గమనిస్తున్న ఈ పిల్ల వాళ్ళ కంటపడింది. వాళ్ళే తల్లిని ఒప్పించి, నెలకు 10 రూపాయల జీతం మీద గ్రేట్ నేషనల్ థియేటర్‌లో చేర్పించారు. యజమాని భువన్‌మోహన్ నియోగి. పిల్లకు అప్పుడు పదకొండు, పన్నెండేళ్ళు ఉంటాయి. ఆ 10 రూపాయలు ఇంట్లో పొయ్యి వెలిగించాయి. ఆ తర్వాత ఆమె ఎంత ఎత్తు ఎదిగినా ఈ లెక్క మారలేదు. ఇల్లు ఆమె జీతం మీదే నిలబడింది.

1874 డిసెంబరులో తొలి వేషం. హరలాల్ రాయ్ రాసిన 'శత్రుసంహార్'లో ద్రౌపది చెలికత్తె. భట్టనారాయణుడి వేణీసంహారాన్ని బట్టి అల్లిన నాటకం అది. పాత్రకు నాలుగు మాటలే. తెర పక్కన నిలబడి ఉన్నప్పుడు గుండె దడదడలాడిందనీ, కాళ్ళు వణికాయనీ, ఎదురుగా అంత జనం, అన్ని దీపాలు చూసేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయనీ ఆమే రాసుకుంది. ఆ నాలుగు మాటలూ అప్పజెప్పి, వచ్చిన దారినే వెనక్కి నడిచిపోయింది. చప్పట్లు మోగాయి. అవి దేనికో ఆ పిల్లకు తెలియలేదు. లోపలికి వచ్చాక పెద్దవాళ్ళు వీపు తట్టి చెప్తే తెలిసింది. మరుసటి నాటకం 'హేమలత'లో ఏకంగా నాయిక వేషం ఇచ్చారు.

1875లో గ్రేట్ నేషనల్ వాళ్ళు ఉత్తరాదికి బయల్దేరారు. ఢిల్లీ, లాహోరు, ఆగ్రా, బృందావనం, లక్నో తిరిగారు. బినోదిని తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళింది. లాహోరులో గోలాప్ సింగ్ అనే జమీందారు ఈ పిల్లను చూసి, పెళ్ళి చేసుకుంటాను, ఇక్కడే వదిలి వెళ్ళమని తల్లికి డబ్బు ఆశపెట్టాడు. తల్లి హడలిపోయింది. కంపెనీ వాళ్ళు త్వరగా మకాం ఎత్తేశారు. లక్నోలో జరిగింది ఇంకా పెద్ద గొడవ. అక్కడ ఆడింది దీనబంధు మిత్ర 'నీల్‌దర్పణ్'. నీలిమందు తోటల దొరలు బెంగాలు రైతుల్ని ఎలా పీల్చి పిప్పి చేశారో చెప్పే నాటకం. సభలో తెల్లవాళ్ళు చాలామందే ఉన్నారు. గర్భవతి అయిన రైతుబిడ్డ మీద దొర చెయ్యి వేసిన ఘట్టంలో తోరాప్ అనే రైతు దూసుకొచ్చి దొరను కిందపడేసి కొట్టాలి. ఆ దెబ్బలు పడగానే సభలోని దొరలు లేచారు. కొందరు కత్తులు దూసి వేదిక మీదికి ఎక్కారు. లోపల ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. నాటకం అక్కడితో ఆగింది. అప్పటిదాకా ఆట అనుకున్న పని అధికారంలో ఉన్నవాళ్ళకు ఇంత కోపం తెప్పిస్తుందని పన్నెండేళ్ళ బినోదిని ఆ రాత్రి కళ్ళారా చూసింది.

ఆ కోపం మరుసటి ఏడు చట్టమైంది. వేల్సు యువరాజుకు తన ఇంటి ఆడవాళ్ళ చేత స్వాగతం చెప్పించిన ఒక కలకత్తా వకీలు మీద గ్రేట్ నేషనల్ వాళ్ళు ప్రహసనం ఆడారు. పోలీసులు వచ్చారు, అరెస్టులు జరిగాయి. 1876 ఫిబ్రవరి 29న లార్డ్ నార్త్‌బ్రూక్ ఆర్డినెన్సు తెచ్చాడు. డిసెంబరు నాటికి అది నాటక ప్రదర్శనల చట్టమై దేశమంతటికీ వర్తించింది. కలకత్తా ప్రహసనం మీద పుట్టిన ఆ చట్టమే మన దగ్గర కూడా నాటకాలవాళ్ళను ఏళ్ళ తరబడి వెంటాడింది.

గ్రేట్ నేషనల్ చితికిపోయాక బినోదిని బెంగాల్ థియేటర్‌కు మారింది. జీతం 25 రూపాయలు. శరత్ చంద్ర ఘోష్ నడిపే ఈ థియేటర్‌లో వేదిక మట్టిది. అందుకని నిజం గుర్రాన్నే వేదిక మీదికి తెచ్చేవారు. శరత్‌బాబు స్వయంగా మంచి రౌతు. ఇక్కడే బినోదిని చేతికి బంకించంద్రుడి నాయికలు వచ్చారు. 'దుర్గేశనందిని'లో అయేషా వేసింది, తిలోత్తమా వేసింది. 'కపాలకుండల' వేసింది. 'మృణాళిని'లో మనోరమ వేసినప్పుడు బంకించంద్రుడే వచ్చి చూశాడు. తాను కాగితం మీద రాసుకున్న మనోరమ ఇలా ప్రాణంతో ఎదుట తిరుగుతుందని అనుకోలేదని మెచ్చుకున్నాడట. మనోరమ తేలికైన పాత్ర కాదు. ఒక క్షణం చిన్నపిల్ల, మరుక్షణం మహారాణి. ఆ మార్పును అంత చిన్న వయసులో పట్టుకుందంటే ఆమెకు బుర్ర ఎంత చురుకో ఊహించుకోవచ్చు.

ఆ చురుకుతనాన్ని గుర్తించినవాడు గిరీశ్ చంద్ర ఘోష్. పగలు ఇంగ్లీషు కంపెనీలో గుమాస్తా పని, రాత్రి నాటకం, మధ్యలో తాగుడు. బెంగాలీ రంగస్థలానికి తండ్రి అని ఈనాటికీ చెప్పుకునేది ఆయన్నే. శరత్‌బాబును అడిగి మరీ బినోదినిని నేషనల్ థియేటర్‌కు తెచ్చుకున్నాడు. అక్కడ మధుసూదనుడి 'మేఘనాదవధ' కావ్యాన్ని నాటకంగా ఆడినప్పుడు ఒక్క బినోదినే ఏడు పాత్రలు వేసింది. ప్రమీల, సీత, రతి, మాయ, అన్నీ ఆమే. నడక మార్చి, గొంతు మార్చి, జుట్టు ముడి మార్చి వచ్చేసరికి ఇందాకటి మనిషే ఈమె అని జనం పోల్చుకోలేకపోయేవారు. వేషం దిద్దుకోవడంలో ఆమెకు ఆమే సాటి అని గిరీశ్ ఒప్పుకున్నాడు.

గిరీశ్ ఆమెకు పాఠం చెప్పిన తీరు వేరు. మాటలు బట్టీ పట్టించి పలికించే పద్ధతి ఆయనకు నచ్చదు. ముందు పాత్ర మనసు చెప్పేవాడు. షేక్‌స్పియర్‌నూ, మిల్టన్‌నూ, బైరన్‌నూ కథలుగా విడమరిచి చెప్పేవాడు. ఇంగ్లండులో మిసెస్ సిడన్స్ ఎలా నటించేది, ఎలెన్ టెర్రీ ఎలా సాధన చేస్తుంది, పత్రికలు ఏం రాశాయి, ఎందుకలా రాశాయి అని చర్చ పెట్టేవాడు. కలకత్తాకు ఇంగ్లీషు నాటక కంపెనీ ఏది వచ్చినా ఈ పిల్లను పంపి చూడమనేవాడు. చూసొచ్చాక ఏం చూశావో చెప్పమనేవాడు. బడి ముఖం ఎక్కువగా చూడని బినోదినికి ఈ కబుర్లే కాలేజీ అయ్యాయి. ఆయన శిష్యురాలినని బతికినన్నాళ్ళూ గర్వంగా చెప్పుకుంది. ఆయన మీద ఆమె చెయ్యబోయే ఫిర్యాదుకు అంత బరువు వచ్చింది అందుకే.

ఇదే సమయంలో మన వైపు ఏం జరుగుతోందో కాస్త చూద్దాం. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు 1880లో విద్యార్థుల చేత నాటకాలు ఆడించాడు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టి 1887లో 'చిత్రనళీయం' ఆడాడు. రెండుచోట్లా ఆడవేషాలు మగవాళ్ళవే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన సమాజంలో మాత్రం ఇంటి ఆడవాళ్ళు క్రమంగా వేదిక ఎక్కారు. కలకత్తా నటీమణులకు కుటుంబం లేదు, థియేటర్ మీద హక్కూ లేదు. సురభి స్త్రీలకు కుటుంబమే థియేటర్. నా దృష్టిలో రెండు రంగస్థలాలకూ మధ్య అన్నిటికంటే పెద్ద తేడా ఇదే. బినోదిని కోరుకున్నదీ చివరికి అలాంటి చోటే.

1881 నాటికి నేషనల్ థియేటర్ ప్రతాప్‌చంద్ జహురీ అనే మార్వాడీ వర్తకుడి చేతికి వచ్చింది. గిరీశ్ 150 రూపాయల గుమాస్తా ఉద్యోగం వదులుకుని 100 రూపాయలకు ఆయన దగ్గర మేనేజర్‌గా చేరాడు. జహురీ లెక్కల మనిషి. వ్యాపారానికి అది మంచిదే కానీ నటులకు ఊపిరి సలపలేదు. బినోదిని సెలవు మీద కాశీకి వెళ్ళివస్తే ఆ రోజుల జీతం ఇవ్వనన్నాడు. జీతాల పేచీ ముదిరింది. సొంత థియేటర్ ఉంటే ఈ బాధ ఉండదని అందరూ అనుకోవడం మొదలుపెట్టారు. సొంత థియేటర్‌కు డబ్బు కావాలి. డబ్బు గుర్ముఖ్ రాయ్ రూపంలో వచ్చింది.

గుర్ముఖ్ రాయ్ చాలా చిన్న వయసువాడు. తండ్రి బాగా సంపాదించిపెట్టిన వ్యాపారి. థియేటర్ కట్టించడానికి సిద్ధమన్నాడు, ఒక షరతు మీద. బినోదిని తనదై ఉండాలి. బినోదిని అప్పటికి ఒక జమీందారీ కుటుంబపు యువకుడి పోషణలో ఉంది. అతను పెళ్ళి కోసం సొంతూరు వెళ్ళి ఉన్నాడు. తోటి నటులు, మిత్రులు, గిరీశ్ సహా అందరూ ఆమె చుట్టూ చేరారు. నువ్వు ఒప్పుకుంటే మనందరికీ నీడ దొరుకుతుందన్నారు. ఆమె ఒప్పుకుంది. ఊళ్ళో లేని ఆ యువకుడికి కబురు తెలిసింది. ఒకరోజు తెల్లవారుజామున ఆమె గదిలోకి కత్తితో వచ్చాడు. ఎత్తిన కత్తి కిందికి దిగే లోపల బినోదిని వంగింది. వేటు హార్మోనియం మీద పడి చెక్కలో దిగబడింది. అతని చెయ్యి పట్టుకుని, నన్ను చంపితే చంపు, నీ పేరూ నీ వంశం పేరూ ఏమవుతాయో ఆలోచించుకో అని నచ్చజెప్పి, ప్రాణం దక్కించుకుంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు.

ఇంకొక పరీక్ష మిగిలింది. థియేటర్ ఖర్చు మొదలయ్యాక గుర్ముఖ్ మనసు అటూ ఇటూ ఊగింది. థియేటర్ గొడవ మనకెందుకు, నీకు 50,000 రూపాయలు ఇస్తాను, మానెయ్ అన్నాడు. 10 రూపాయల జీతంతో మొదలైన మనిషికి 50,000! ఆ డబ్బుతో తల్లీ కూతుళ్ళు కాలు మీద కాలేసుకుని బతకొచ్చు. బినోదిని కాదంది. థియేటర్ కట్టిస్తేనే అంది. ఆమె త్యాగం అని రాసేవాళ్ళు ఎక్కువమంది ఈ ఒక్క ముక్కా చెప్పి ముందుకు పోతారు. తన కళ మీదా, తన మనుషుల మీదా నమ్మకంతో, కళ్ళు తెరుచుకుని చేసిన నిర్ణయం అది. త్యాగం అనే మాటతో ఆమె తెలివిని తక్కువ చెయ్యకూడదు.

బీడన్ వీధిలో 68వ నంబరు స్థలం లీజుకు తీసుకున్నారు. పని మొదలైంది. పగలు రిహార్సలు, సాయంత్రం నిర్మాణం. పునాది గుంతలు పూడ్చడానికి మట్టి చాలకపోతే బినోదిని తానే తట్ట నెత్తిన పెట్టుకుని మోసింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ మోశారు. కూలీలకు ఉత్సాహం రావాలని తట్టకు ఇన్ని గవ్వలని పంచిపెట్టింది. రాత్రిళ్ళు దీపాలు పెట్టుకుని పని సాగింది. ఆమె అంత ఉత్సాహంగా ఉండడానికి ఒక కారణం ఉంది. ఈ థియేటర్‌కు నీ పేరే పెడతాం, నువ్వు పోయినా నీ పేరు ఉంటుంది, 'బి' థియేటర్ అంటారు అని తోటివాళ్ళు మాట ఇచ్చారు.

రిజిస్టర్ చేయించడానికి వెళ్ళినవాళ్ళు తిరిగివచ్చారు. ఏం పేరు పెట్టారని ఆమె ఆత్రంగా అడిగింది. 'స్టార్' అన్నారు. కొంతసేపు నోట మాట రాలేదనీ, ఉన్నచోటే కూలబడ్డాననీ ఆమె రాసింది. నాతో ఇన్నాళ్ళూ చూపించిన ప్రేమ పని చేయించుకోవడానికేనా అని ఆ క్షణం మొదటిసారి అనుమానం కలిగిందట. వేశ్య పేరు పెడితే పెద్దమనుషులు రారు అన్నది లోపలి లెక్క. ఆ పెద్దమనుషులు ఆమెను చూడడానికే వస్తున్నారన్న సంగతి ఆ లెక్కలో లేదు.

పేరు పోయిన సంగతి అందరికీ తెలుసు. కథలుగా, సినిమాలుగా వచ్చింది. నాకు దానికంటే తర్వాత జరిగినదే పెద్ద అన్యాయం అనిపిస్తుంది. 1883 జులై 21న 'దక్షయజ్ఞం'తో స్టార్ థియేటర్ తెర లేచింది. గిరీశ్ దక్షుడు, అమృతలాల్ మిత్ర శివుడు, బినోదిని సతీదేవి. కొద్ది నెలలకే గుర్ముఖ్ ఆరోగ్యం, ఇంటివాళ్ళ ఒత్తిడి రెండూ కలిసి అతన్ని థియేటర్ వదులుకునేలా చేశాయి. వెళ్ళేముందు బినోదినికి భాగం ఉండాలన్నాడు. గిరీశ్ అడ్డుపడ్డాడు. యాజమాన్యం గొడవలు ఆడవాళ్ళకు ఎందుకు, నటించి పేరు తెచ్చుకోమని బినోదిని తల్లికి నచ్చజెప్పాడు. గురువు మాట వేదవాక్కు. తల్లీ కూతుళ్ళు సరేనన్నారు. 11,000 రూపాయలకు థియేటర్ నలుగురు మగవాళ్ళ పేరు మీదికి మారింది. అమృతలాల్ మిత్ర, అమృతలాల్ బసు, దాసుచరణ్ నియోగి, హరిప్రసాద్ బసు. అందరూ ఆమెతో కలిసి పనిచేసినవాళ్ళే. బోర్డు మీద పేరు లేకపోతే గౌరవం పోతుంది. దస్తావేజులో పేరు లేకపోతే ఏ రోజు పొమ్మన్నా పోవాలి. నటిగా ఆమెను తీర్చిదిద్దిన గిరీశే హక్కుదారు కాకుండా ఆపాడు. ఆయన గొప్పతనంతో పాటు ఈ మాటా రాయాలి.

అయినా ఆమె నటన ఆ నాలుగేళ్ళలోనే శిఖరం చేరింది. ఏడాది తిరక్కముందే దమయంతి వేసింది, తర్వాత ప్రహ్లాదుడు వేసింది, 'బుద్ధదేవచరిత'లో గోప వేసింది. 'లైట్ ఆఫ్ ఆసియా' రాసిన ఎడ్విన్ ఆర్నాల్డ్ కలకత్తా వచ్చినప్పుడు, తన కావ్యం ఆధారంగా ఆడిన ఆ నాటకం చూసి మెచ్చుకున్నాడు. వీటన్నిటి కంటే మించింది 'చైతన్యలీల'.

1884 ఆగస్టు 2న 'చైతన్యలీల' మొదలైంది. చైతన్య మహాప్రభువు మనకు పరాయివాడు కాదు. గోదావరి ఒడ్డున రామానంద రాయలతో ఆయన జరిపిన సంవాదాన్ని ఈనాటికీ కొవ్వూరులో తలుచుకుంటారు. ఆ మహాపురుషుడి వేషం ఒక వేశ్యకు ఇచ్చాడు గిరీశ్. వైష్ణవులు రాళ్ళు వేస్తారేమోనని బినోదిని వణికింది. అమృతబజార్ పత్రిక సంపాదకుడు శిశిర్ కుమార్ ఘోష్ స్వయంగా వైష్ణవ భక్తుడు. ఆయన రిహార్సళ్ళకు వచ్చి, ఆ స్వామి పాదాలనే తలుచుకుంటూ ఉండమ్మా అని చెప్పాడు. మొదటి ప్రదర్శన నాడు తెల్లవారుజామునే గంగలో మునిగి, దుర్గానామం 108 సార్లు రాసి, ఈ గండం గట్టెక్కించమని చైతన్యుణ్ణి వేడుకుని థియేటర్‌కు వెళ్ళింది. ఆ రాత్రి నుంచి కలకత్తా వెర్రెత్తిపోయింది. నాటకం పేరు చెబితే మొహం చిట్లించే నవద్వీప పండితులు వచ్చారు. మథురానాథ పదరత్నం ఆమె తల మీద చెయ్యిపెట్టి దీవించాడు. కొన్ని రాత్రులు పాత్రలో పడి ఒళ్ళు తెలియక సొమ్మసిల్లేది. అలా పడిపోయిన ఒక రాత్రి, నాటకానికి వచ్చిన సెయింట్ జేవియర్స్ కాలేజీ ఫాదర్ లాఫోఁ లోపలికి వచ్చి ఆమెకు సపర్య చేశాడు. ఇంకో విశేషం కూడా చెప్పాలి. కొన్ని రాత్రులు చైతన్యుడి కాషాయం విప్పిన వెంటనే, అమృతలాల్ బసు ప్రహసనం 'బిబాహ బిభ్రాట్'లో ఇంగ్లీషు చదువు వెలగబెట్టిన విలాసిని కార్‌ఫార్మాగా వచ్చి జనాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించేది.

1884 సెప్టెంబరు 21న దక్షిణేశ్వరం నుంచి రామకృష్ణ పరమహంస నాటకానికి వచ్చారు. బ్రాహ్మసమాజం పెద్దలు గుమ్మం తొక్కని చోటుకు, దేవాలయ పూజారి వచ్చారు. చూస్తూ చూస్తూ పలుమార్లు సమాధిలోకి వెళ్ళారు. ఎలా ఉందని అడిగితే, అసలూ నకలూ ఒకటిగానే కనిపించాయన్నారు. బినోదిని పాదాలకు మొక్కితే, చైతన్యం కలగాలని దీవించారు. ఆ దీవెన ఒక్కటే తన జన్మకు సంపాదన అని ఆమె చివరిదాకా నమ్మింది. ఆ తర్వాతి సంవత్సరం ఆయన గొంతు జబ్బుతో శ్యాంపుకూరులో ఉన్నారు. శిష్యులు సందర్శకులను ఆపేస్తున్నారు, ఇలాంటి స్త్రీలను అసలే రానివ్వరు. బినోదిని కోటూ ప్యాంటూ టోపీ వేసుకుని, ఇంగ్లీషు దొర వేషంలో, కాళీపద ఘోష్ అనే భక్తుడి వెంట లోపలికి వెళ్ళింది. కాపలా శిష్యులు పోల్చుకోలేకపోయారు. దగ్గరికి వెళ్ళి టోపీ తీసి ఏడ్చింది. పరమహంస ఆమె తెలివికి పకపకా నవ్వి, దగ్గర కూర్చోబెట్టుకున్నారు. ఆమె వేసిన వేషాలన్నిటిలోకీ, టిక్కెట్టు లేకుండా ఒకే ఒక్క మనిషి కోసం వేసిన ఈ వేషం నాకు గొప్పదిగా తోస్తుంది.

1886 జూన్‌లో 'బిల్వమంగళ్ ఠాకూర్' వచ్చింది. బినోదిని చింతామణి. కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి'తో ఊరూరా ఊగిపోయిన తెలుగువాళ్ళకు ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. శ్రీకృష్ణకర్ణామృతం రాసిన లీలాశుకుడి కథ అని మన నమ్మకం. కాళ్ళకూరి నాటకానికి మూడున్నర దశాబ్దాల ముందే, వేశ్య మాటతో విటుడి కళ్ళు తెరుచుకునే ఆ ఘట్టాన్ని, వేశ్య ఇంట పుట్టిన స్త్రీ స్టార్ వేదిక మీద ఆడింది. మన 'చింతామణి'లో ఆ పాత్రకు పేరు తెచ్చింది ఎక్కువగా పురుష నటులు. బినోదిని పలికినప్పుడు ఆ మాటల బరువు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

1887 జనవరి 1న 'బెల్లిక్ బజార్'లో రంగిణి వేషం వేసింది. ఆ తర్వాత వేదిక ఎక్కలేదు. వయసు ఇరవై నాలుగు దాటలేదు. పన్నెండేళ్ళలో వేసిన పాత్రలు 80 దాకా. ఎందుకు మానిందని అందరూ అడిగారు. థియేటర్‌లో తనవాళ్ళనుకున్నవాళ్ళ చేతుల్లో పదేపదే మోసపోయానని ఆమె రాసింది. కారణాలు ఇంకా ఉండొచ్చు, నాకు అదొక్కటీ చాలు. ఆమె మానిన ఏడాదే గోపాల్‌లాల్ శీల్ అనే ధనికుడు బీడన్ వీధి భవనం కొనేసి ఎమరాల్డ్ థియేటర్ చేశాడు. స్టార్ వాళ్ళు పేరు వెంట తీసుకుని 1888లో హాతీబాగాన్‌లో కొత్తది కట్టుకున్నారు. ఆమె మట్టి మోసిన భవనం తర్వాత సెంట్రల్ అవెన్యూ రోడ్డు కింద కలిసిపోయింది.

తర్వాతి కాలం ఒక సంపన్న కుటుంబీకుడి ఆదరణలో గడిచింది. పెళ్ళి అనే పేరు లేకపోయినా భార్య స్థానమే ఇచ్చాడని ఆమె కృతజ్ఞతగా చెప్పుకుంది. కూతురు పుట్టింది, శకుంతల అని పేరు పెట్టుకుంది. బడిలో చేర్చాలని తిరిగింది. ఫలానా దాని కూతురని చేర్చుకోలేదు. ఆ పిల్ల పదమూడేళ్ళకే పోయింది. 1912లో ఆదరించిన మనిషీ పోయాడు. ఆయన ఇంటివాళ్ళు ఆమెకు చోటు ఇవ్వలేదు.

ఆ ఏడాదే 'ఆమార్ కథా' వచ్చింది. అప్పటికే ఆమె రెండు కవితా సంపుటాలు వేసింది, 'బాసనా' 1896లో, 'కనక్ ఓ నళినీ' 1905లో. ఆత్మకథకు ముందుమాట గిరీశ్‌నే అడిగింది. ఆయన రాశాడు. అందులో ఆమె నటనను ఆకాశానికెత్తాడు. ఆమె చదివి, బాగాలేదంది. జరిగిన నిజాలు చాలా వదిలేశారు, మళ్ళీ రాయండి అంది. ఆయన బెంగాలు నాటకానికి చక్రవర్తి, మంచం పట్టిన వృద్ధుడు. ఆమె ఆయన తయారుచేసిన నటి. అయినా వెనక్కి ఇచ్చేసింది. కొత్తది రాసివ్వకుండా పోనని గిరీశ్ మాట ఇచ్చాడు. 1912 ఫిబ్రవరి 8న పోయాడు. ఆ మాట కూడా నెరవేరలేదు. చివరికి ఆ పాత ముందుమాటనే తర్వాతి ముద్రణలో చేర్చింది, తన అభ్యంతరం ఏమిటో పక్కనే రాసి మరీ. నా వరకు ఇదే ఆమె జీవితంలో అతి పెద్ద ఘట్టం. థియేటర్ పేరు విషయంలో కూలబడిన అమ్మాయి, తన పుస్తకం విషయంలో నిలబడింది.

1924–25లో 'రూప్ ఓ రంగ్' పత్రికలో 'ఆమార్ అభినేత్రీ జీబన్' పేరుతో రంగస్థల జ్ఞాపకాలు ధారావాహికగా రాసింది. ముసలితనంలో స్టార్‌కు వచ్చి కొత్త తరం నాటకాలు చూసేది. 1941 ఫిబ్రవరి 12న చనిపోయింది. బతికుండగా ఏ థియేటర్‌కూ ఆమె పేరు పెట్టలేదు. హాతీబాగాన్ స్టార్ 1991లో అగ్నికి ఆహుతై, 2004లో మళ్ళీ తెరుచుకుంది. దానికి బినోదిని పేరు పెడుతున్నట్టు పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి 2024 డిసెంబరులో ప్రకటించారు. చేసింది మంచి పనే. అయితే ఆనాడు ఆమెకు దక్కాల్సింది పేరొక్కటే కాదు, నాలుగు సంతకాలతో పాటు ఐదో సంతకం కూడా.

ఆమె ఆత్మకథ ఇంగ్లీషులో దొరుకుతుంది. తెలుగు రంగస్థలం మీద పనిచేసే యువతీయువకులు దాన్ని ఒక్కసారైనా చదవాలని నా కోరిక. వచ్చే భాగంలో, 'బిల్వమంగళ్'లో బినోదిని వెనుక చెలికత్తెగా నిలబడి, 1893లో మినర్వా థియేటర్‌లో గిరీశ్ సరసన లేడీ మక్బెత్ వేసిన తిన్‌కడి దాసి కథ.